ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి పవర్ స్టేషన్‌ను చార్జ్ చేసుకోవడం ఎలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి నుంచి తుపాను మాట వినబడితే చాలు, మా ఇంట్లో ముందు నీళ్ల ట్యాంకు నింపుతాం, తర్వాత ఫోన్లన్నీ చార్జింగుకు పెడతాం. కొన్నేళ్లకు 500 వాట్-అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే చేత్తో మోసుకెళ్లే ప్లగ్గుల బ్యాటరీ పెట్టె, కూడా కొన్నాం. తీరా అవసరం పడిన రాత్రి చూస్తే దాని తెర మీద 9 శాతం. మెట్ల కింద ఇన్వర్టర్ తాలూకు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, లెడ్-యాసిడ్ రకం, మాత్రం నిండుగా ఉంది. ఇన్వర్టర్ వైరింగు కింది వాటాకే వేశారు. నెబులైజర్ కావలసింది పై వాటాలో ఉన్న పెద్దాయనకు. యాభై కిలోలు దాటిన బ్యాటరీని ఎవరూ మేడ ఎక్కించలేరు, అరచేతి వెడల్పు పిడి ఉన్న స్టేషన్‌నైతే పిల్లవాడైనా ఎక్కిస్తాడు. అంటే పెద్ద బ్యాటరీలోని కరెంటును చిన్నదానిలోకి వంచుకోవాలి.

ఇది కష్టమైన పని కాదు, కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. ముందే ఒక మాట మనసులో పెట్టుకోండి. పవర్ స్టేషన్ తన లోపలి బ్యాటరీని తాను కాపాడుకుంటుంది, నిండగానే తీసుకోవడం ఆపేస్తుంది. బయట ఉన్న మీ బ్యాటరీ ఎంత ఖాళీ అయిందో దానికి పట్టదు. ఆ కాపలా మీరే కాయాలి.

ముందు లేబులు చదవండి

స్టేషన్ వెనకనో అడుగునో చిన్న అక్షరాల్లో డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) ఇన్‌పుట్ వివరం ఉంటుంది. 500 వాట్-అవర్ల తరగతిలో తరచు కనిపించేది "12–28 వోల్టులు, గరిష్ఠం 8 ఆంపియర్లు" లాంటి వరస. 11–30 అని రాసినవీ, 60 వోల్టుల దాకా ఒప్పుకునేవీ ఉన్నాయి. సోలార్ ప్యానెల్‌కూ కారు చార్జర్‌కూ చాలావాటిలో ఒకటే సాకెట్. మనం వాడబోయేది అదే.

ఇందులో పై అంకె లక్ష్మణరేఖ. ఆంపియర్ల గురించి భయపడక్కర్లేదు, బ్యాటరీ 150 ఏహెచ్ అయినా 200 ఏహెచ్ అయినా స్టేషన్ తనకు కావలసిన 8 ఆంపియర్లే లాగుతుంది. వోల్టులు అలా కాదు, మీరు ఎన్ని ఇస్తే అన్నీ నేరుగా లోపలికి వెళ్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని తగిలిస్తే పోలేదా అని మా బాబాయి అడిగారు. 48 వోల్టుల బ్యాటరీ నిండినప్పుడు 54 దాటుతుంది, రకాన్ని బట్టి 58 కూడా చూపిస్తుంది. 28 రాసి ఉన్న సాకెట్‌లో అది పెడితే తెర ఒకసారి వెలిగి ఆరిపోతుంది, తర్వాత మళ్లీ వెలగదు.

ఇన్వర్టర్‌కు ఒకే 12 వోల్టుల బ్యాటరీ ఉంటే మీ పని సుళువు. రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేసిన ఇళ్లలో రెండు గోతులు ఉన్నాయి.

మొదటిది, రెండింటిలో ఒకదాని టెర్మినళ్ల నుంచి మాత్రం 12 వోల్టులు తీసుకోవడం. చూడ్డానికి తెలివైన ఉపాయంలా ఉంటుంది. ఆ ఒక్కటీ సగం ఖాళీ అవుతుంది, రెండోది నిండుగానే ఉంటుంది. కరెంటు వచ్చాక ఇన్వర్టర్ రెండింటినీ ఒకే లెక్కన చార్జ్ చేస్తుంది కాబట్టి నిండుగా ఉన్నది పొంగుతుంది, ఖాళీ అయినది ఎప్పటికీ పూర్తిగా నిండదు. ఇలా నాలుగుసార్లు చేస్తే ఒక జత పాడైనట్టే.

రెండోది, 24 వోల్టులు మొత్తం తీసుకుని 28 లోపే కదా అనుకోవడం. బ్యాటరీలు ఊరికే ఉన్నప్పుడు 25 చుట్టూ ఉంటాయి, నిజమే. మీరు కలిపి ఉంచగా మధ్యలో కరెంటు వచ్చి ఇన్వర్టర్ చార్జింగు మొదలుపెడితే ఒక్కో బ్యాటరీ 14.4 దాకా వెళ్తుంది. రెండూ కలిసి 28.8. గీత దాటిపోయింది. మీ స్టేషన్ 30 లేదా అంతకు పైన తీసుకునేదైతేనే 24 వోల్టుల జతతో కలపండి, అప్పుడు కూడా ఇన్వర్టర్‌కు వచ్చే మెయిన్ ప్లగ్గు తీసేసి.

ఇన్వర్టర్ ప్లగ్గులోనే పెడితే పోదా?

పోతుంది. ఆ మొదటి రాత్రి నేను చేసిందీ అదే. స్టేషన్‌తో వచ్చిన చార్జరును ఇన్వర్టర్ కరెంటు వచ్చే ప్లగ్గులో పెట్టేశాను. కానీ ఆ దారిలో బ్యాటరీలోని 12 వోల్టులు ముందు 230 అవుతాయి, చార్జరులో మళ్లీ కిందికి దిగుతాయి. రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది. 500 వాట్-అవర్లు నింపడానికి నేరుగా డీసీ దారిలో సుమారు 550 ఖర్చయితే, ఈ చుట్టుదారిలో 700 దాకా అవుతుంది. తుపాను రాత్రి ఆ తేడాతో ఒక ఫ్యాను గంటల తరబడి తిరుగుతుంది.

కొత్తరకం స్టేషన్లు ప్లగ్గు నుంచి 500 వాట్లు, కొన్ని అంతకు పైన కూడా లాగుతాయి. అలాంటిదాన్ని మామూలు ఇంటి ఇన్వర్టర్‌కు తగిలిస్తే 12 వోల్టుల బ్యాటరీ మీద 50 ఆంపియర్ల బరువు పడుతుంది. బ్యాటరీ మీద రాసిన 150 ఏహెచ్ అన్నది 20 గంటల లెక్క, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున నిదానంగా తీస్తే వచ్చేది. 50 ఆంపియర్ల చొప్పున తోడితే అంత ఇవ్వదు. మన 8 ఆంపియర్ల డీసీ దారి ఆ 20 గంటల వేగానికి దాదాపు సరిపోతుందన్నది గమనించండి, అందుకే ట్యూబులర్ బ్యాటరీకి అది హాయి. తప్పనిసరై ప్లగ్గు దారే పట్టాల్సి వస్తే స్టేషన్‌లో చార్జింగు వేగం తగ్గించే సెట్టింగు ఉందేమో చూసి కనిష్ఠానికి పెట్టండి. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతేనే, అంటే గోడ కరెంటు లాంటి నునుపైన కరెంటు ఇచ్చేదైతేనే, ఆ పని చేయండి.

కొనాల్సినవి

ఎలక్ట్రికల్ షాపులో "నాలుగు ఎంఎం వైరు" అంటే ఇస్తారు. మెత్తటి రాగి వైరు, ఎరుపు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు. అంత లావు ఎందుకు అని షాపతను అడగవచ్చు. సన్నటి ఒక ఎంఎం వైరుతో రానూపోనూ నాలుగు మీటర్లకు 8 ఆంపియర్ల దగ్గర అరవోల్టు పైనే దారిలో పోతుంది. నాలుగు ఎంఎంలో 0.2 కూడా పోదు. 230 వోల్టుల్లో అరవోల్టు ఎవరికీ పట్టదు. ఇక్కడ బ్యాటరీ దగ్గర 12.2 ఉండి స్టేషన్ దగ్గరికి 11.6 చేరితే, 12 కనిష్ఠం అని రాసి ఉన్న స్టేషన్ ఠక్కున ఆగిపోతుంది. ఈ పనిలో విఫలమైనవాళ్లలో ఎక్కువమందిని ఓడించింది వైరే.

బ్యాటరీ బోల్టులకు సరిపోయే రెండు థింబుల్స్ (వైరు కొసకు బిగించే లోహపు రింగులు) కొనండి, వాటిని క్రింపింగ్ ప్లయర్‌తో షాపులోనే గట్టిగా నొక్కించుకోండి. మొసలి క్లిప్పులు పెట్టవద్దు, గంటల తరబడి 8 ఆంపియర్లు పారే చోట అవి వేడెక్కుతాయి, పక్కనుంచి పిల్లి వెళ్లినా ఊడిపోతాయి. తర్వాత కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు, దానికి వైరు మధ్యలో పట్టే హోల్డరు. 15 ఆంపియర్ల ఫ్యూజులు ఒకటి వాడకానికి, రెండు విడిగా. మల్టీమీటర్ తప్పకుండా ఉండాలి.

స్టేషన్ వైపు కొస గురించి రెండు దారులు. టంకం పెట్టడం వచ్చినవారు సరైన ప్లగ్గు కొని నేరుగా అతికించవచ్చు. చాలావాటికి గుండ్రటి డీసీ పిన్నో, పసుప్పచ్చటి ఎక్స్‌టీ60 కనెక్టరో ఉంటుంది. టంకం రానివారికి ఇంకా భద్రమైన దారి, స్టేషన్‌తో పాటు వచ్చిన కారు చార్జింగు కేబులునే వాడుకోవడం. కారులో సిగరెట్ లైటర్ ఉండే చోటి ఆడ సాకెట్ విడిగా దొరుకుతుంది, 15 ఆంపియర్లకు పనికొచ్చేదే అడగండి. మన ఎరుపు వైరు సాకెట్ మధ్య బొడిపెకు, నలుపు చుట్టూ ఉన్న అంచుకు వెళ్లాలి. స్టేషన్ వైపు పిన్ను కంపెనీదే కాబట్టి ప్లస్, మైనస్ తిరగబడే ప్రమాదం సగం తగ్గిపోయింది. పైగా కొన్ని స్టేషన్లు కేబులును బట్టే ఇది కారా, సోలారా అని గుర్తుపడతాయి, ఆ ఇబ్బందీ ఉండదు.

ఫ్యూజు ఎక్కడ?

ఎరుపు వైరులో, బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోపు. స్టేషన్ దగ్గర పెడితే ప్రయోజనం లేదు. ఎందుకంటే మనం భయపడేది స్టేషన్ గురించి కాదు, మధ్యలో ఆ రెండు మీటర్ల వైరును ఎవరైనా కుర్చీ కాలితో నలిపితే ఏమవుతుందని. బ్యాటరీ అప్పుడు 8 ఆంపియర్లు కాదు, వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. వైరు ఎర్రగా కాలి, పైతోలు కరిగి, మెట్ల కింద ఉన్న పాత పేపర్లు అంటుకుంటాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మొదటిసారి థింబుల్ బిగించేటప్పుడు 13 నంబరు స్పానరు చేతిలో నుంచి జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. టపాకాయ పేలిన చప్పుడు, నీలం మెరుపు, కాలిన ఇనుము వాసన. స్పానరు ఎగిరి గోడకు తగిలింది. దాని మెడ దగ్గర బియ్యపుగింజ పట్టేంత గుంట పడి ఉంది, చుట్టూ కరిగి గడ్డకట్టిన చిన్న పూసలు. ఇప్పుడా స్పానరు పిడికి పైనుంచి కింది దాకా ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది. మీరూ ముందే చుట్టండి, చేతి ఉంగరమూ గడియారమూ తీసి పక్కన పెట్టండి.

కలిపే వరస

బ్యాటరీ అప్పుడే చార్జింగు అయి ఉంటే మూతల దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది. కిటికీ తీసి, అరగంట ఆగి పని మొదలుపెట్టండి. కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని చేయవద్దు. కరెంటు లేని రాత్రి సరిగ్గా అదే చేయబుద్ధవుతుంది, టార్చి వాడండి. ఇన్వర్టర్ స్విచ్చి ఆపి, దాని మెయిన్ ప్లగ్గు కూడా గోడ నుంచి తీసేయండి.

హోల్డరులో ఫ్యూజు పెట్టకుండానే ఎరుపు థింబుల్‌ను ప్లస్ టెర్మినల్‌కు బిగించండి. ఇన్వర్టర్ వైర్లను ఊడదీయనక్కర్లేదు, వాటి మీదే కూర్చోబెట్టవచ్చు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి బూజు పట్టి ఉంటే ముందు వేడినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక బిగించి, పైన పల్చగా వాజలిన్ రాయండి. తర్వాత నలుపును మైనస్‌కు. ఇప్పుడు ఫ్యూజు పెట్టండి. స్టేషన్‌కు ఇంకా తగిలించవద్దు.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, స్టేషన్‌లోకి వెళ్లే కొస దగ్గరే కొలవండి. ఎరుపు సూది ప్లస్ చోట, నలుపు సూది మైనస్ చోట పెట్టినప్పుడు అంకె ముందు మైనస్ గుర్తు రాకూడదు. సొంతంగా ప్లగ్గు అతికించినవారు ఏది ప్లస్ అన్నది స్టేషన్ మీది బొమ్మతోనో మాన్యువల్‌తోనో సరిచూసుకోండి. ఎక్స్‌టీ60 మీద ప్లస్, మైనస్ గుర్తులు ప్లాస్టిక్‌లోనే పోత పోసి ఉంటాయి, వెలుతురులో తిప్పి చూస్తే కనిపిస్తాయి.

అంకె 12.5 దగ్గర ఉంటే బెంగపడవద్దు. నిండిన బ్యాటరీ 12.7 చూపాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది, అది కారు బ్యాటరీ లెక్క. మన ట్యూబులర్ బ్యాటరీల్లో యాసిడ్ కాస్త పల్చన, సాంద్రత 1.240 చుట్టూ. కారు బ్యాటరీలో 1.280. అందుకే ఊరికే ఉన్నప్పుడు నిండిన ట్యూబులర్ 12.5 దగ్గరే నిలుస్తుంది. 12.1 అంటే సుమారు సగం.

ఇప్పుడు స్టేషన్‌కు తగిలించండి. టిక్కుమని చిన్న నిప్పురవ్వ కనిపించవచ్చు, లోపలి కెపాసిటర్లు నిండేటప్పుడు అలా అవుతుంది. తెర మీద ఇన్‌పుట్ 90 నుంచి 100 వాట్లు చూపితే అంతా సవ్యంగా ఉన్నట్టే. సెట్టింగుల్లో కారు చార్జింగుకు 4, 6, 8 ఆంపియర్లు అని ఎంచుకునే వీలుంటే 8 పెట్టండి. పది నిమిషాల తర్వాత ఫ్యూజు హోల్డరునూ, థింబుల్స్‌నూ, ప్లగ్గునూ చేత్తో ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉండవచ్చు. చురుక్కుమంటే ఆ చోట బిగింపు వదులుగా ఉంది, ఆపి సరిచేయండి.

సున్నా చూపిస్తుంటే ఫ్యూజు పోయిందేమో, పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. వాట్లు 90కి ఎక్కి సున్నాకు పడి మళ్లీ ఎక్కుతూ దోబూచులాడుతుంటే, స్టేషన్ లాగగానే వోల్టులు కనిష్ఠం కిందికి జారుతున్నాయన్నమాట. వైరు కురచ చేయండి, ఆంపియర్లు 6కు తగ్గించండి. అప్పటికీ దారికి రాకపోతే 12 వోల్టులను 24 చేసే బూస్ట్ కన్వర్టర్ మధ్యలో పెట్టే పద్ధతి ఉంది. చార్జింగు వేగం రెట్టింపై 190 వాట్ల దాకా వస్తుంది కూడా. కానీ అప్పుడు బ్యాటరీ వైపు 17, 18 ఆంపియర్లు పారుతాయి. ఫ్యూజు 25కు, వైరు 6 ఎంఎంకు మార్చాలి. ఇంకో చిక్కు, బ్యాటరీ ఎంత చచ్చిపోతున్నా కన్వర్టర్ 24 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, కాబట్టి స్టేషన్‌కు అసలు తెలియదు. వోల్టులు తగ్గగానే తెంపేసే లో-వోల్టేజ్ కటాఫ్ పెట్టకుండా కన్వర్టర్ జోలికి వెళ్లకండి.

ఎప్పుడు ఆపాలి

కాపలా పని ఇక్కడే. లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి తీయకపోవడం మంచిది. 150 ఏహెచ్‌లో సగం 75. గంటకు 8 చొప్పున అది తొమ్మిది గంటలకు పైగా వస్తుంది. 500 వాట్-అవర్ల స్టేషన్ సున్నా నుంచి నిండడానికి సుమారు ఆరు గంటలు, అంటే 48 ఏహెచ్. బ్యాటరీలో మూడో వంతు కూడా కాదు, నిశ్చింతగా నింపుకోండి. 1000 వాట్-అవర్లదైతే పూర్తిగా నింపాలంటే 95 దాకా పోతుంది, గీత దాటినట్టే. తొమ్మిది గంటలకు ఫోనులో అలారం పెట్టి ఆపేయండి. ఈ లెక్క నిండిన, మంచి స్థితిలో ఉన్న బ్యాటరీకి. సాయంత్రం అంతా ఫ్యాన్లు తిప్పి ఉంటే, బ్యాటరీ నాలుగేళ్లదైతే, ఆ మేరకు కోసుకోండి.

గడియారంతో పాటు మీటరూ చూడండి. 8 ఆంపియర్లు పారుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే కొలిస్తే 11.8 వచ్చిందంటే ఇక చాలు. తీసేసి అరగంట వదిలేస్తే మళ్లీ 12 దాటుతుంది. అది చూసి మళ్లీ తగిలించాలనిపిస్తుంది, తగిలించకండి.

బయటి బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వోల్టుల్ని నమ్మడానికి లేదు. నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా దాదాపు 13 చుట్టూనే చూపిస్తుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. గంటలు లెక్కపెట్టడమే దారి. దాని లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చివరకు తనంతట తాను తెంపుతుంది కాబట్టి బ్యాటరీకి ప్రాణభయం లేదు, ఎనభై శాతం దాకా హాయిగా తీసుకోవచ్చు. వోల్టులు జారవు కనుక కనిష్ఠం తగువు కూడా ఉండదు. ఈ పనికి ట్యూబులర్ కంటే అదే మేలు, ధర సంగతి పక్కన పెడితే.

కారు బ్యాటరీ నుంచి ఇంజను ఆపి చార్జ్ చేయకండి. చిన్న కారు బ్యాటరీ 35 ఏహెచ్ ఉంటుంది, రెండు గంటల్లో సగం పోతుంది. తెల్లారి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే సెల్ఫ్ తిరగదు. ఇంజను నడుస్తుండగా మాత్రమే, ఆరుబయట.

ఇక బాబాయి రెండో ప్రశ్న. స్టేషన్ నిండాక దాని ప్లగ్గులో బ్యాటరీ చార్జరు పెట్టి ఇన్వర్టర్ బ్యాటరీని నింపి, దాంతో మళ్లీ స్టేషన్ నింపితే ఎలా ఉంటుందని. ఈ బిందెలో నీళ్లు ఆ బిందెలోకి, ఆ బిందెలోవి ఈ బిందెలోకి పోస్తూ పోతే చివరకు తడిసేది నేలే అన్నాను. ఆయన నవ్వలేదు. కానీ ఇంకో పొరపాటు నవ్వులాట కాదు. స్టేషన్ ఏసీ ప్లగ్గు నుంచి వైరు తీసి ఇంటి గోడ ప్లగ్గులోకి కరెంటు ఎక్కించడం ఎప్పుడూ చేయవద్దు. స్టేషన్ కాలిపోవడమొక్కటే కాదు, అదే సమయంలో స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికీ ముప్పు.

తీసేటప్పుడు

ముందు స్టేషన్ వైపు ప్లగ్గు, తర్వాత ఫ్యూజు, తర్వాత నలుపు, చివరగా ఎరుపు. ఇన్వర్టర్ ప్లగ్గు మళ్లీ గోడకు పెట్టి స్విచ్చి వేయడం మరవకండి. నేను ఒకసారి మరిచి, కరెంటు వచ్చిన రెండో రోజుకు గానీ బ్యాటరీ నిండడం లేదని కనిపెట్టలేదు. సగం ఖాళీగా వారాలు వదిలేస్తే లెడ్ పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, కాబట్టి కరెంటు రాగానే పూర్తిగా నిండనివ్వండి. డిస్టిల్డ్ వాటర్ నిండిన తర్వాతే పోయండి, ముందు పోస్తే చార్జింగులో పొంగి బయటికి వస్తుంది. పలకలు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోయాలి.

మా కేబులు ఇప్పుడు మెట్ల కింద మేకుకు వేలాడుతోంది. ఫ్యూజు తీసి, మిగతా రెండింటితో కలిపి చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎరుపు వైరుకే టేపుతో అంటించాను. పక్కన ఒక చీటీ: "28 దాటకూడదు. 8 ఆంపియర్లు. 6 గంటలు." నేను ఊళ్లో లేని రోజు తుపాను వస్తే కలిపేది మా అమ్మాయి, దానికి ఆ మూడు అంకెలు చాలు.